ఇంటివద్ద ఛాయాచిత్ర వృత్తి

పెండ్లి ముహూర్తములు ముగిసి ఇండ్లు కొంత తీరికపడిన దినములలో మన సంఘసభ్యులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. “మా పిల్లవానికి ఫొటోలు తీయుటయందు ఆసక్తి మెండు. ఇంటివద్దనే దానిని వృత్తిగా సాగింపవచ్చునా?” అని తండ్రులు అడుగుదురు. “మా కోడలు పసిబిడ్డల ఫొటోలు ముచ్చటగా తీయును. ఇల్లు విడువకుండ నాలుగు రూకలు సంపాదించుకొను మార్గమున్నదా?” అని అత్తగారు అడుగుదురు. ప్రశ్న చిన్నదే. కాని దానికి తొందరపాటున చెప్పిన సమాధానము ఒక కుటుంబమును అప్పులో దింపగలదు. కావున ఈ వారము ఆ విషయమును కొంత విపులముగా చర్చింప దలచితిమి.

మా అభిప్రాయమును ముందే చెప్పి, కారణములను పిదప వివరింతుము. ఈ వృత్తిని ఇంటివద్ద ప్రారంభింపవచ్చును. స్వల్పమైన పెట్టుబడితోనే ప్రారంభింపవచ్చును. అయితే దానికి మొదటి పెట్టుబడి కెమెరా కాదు. మన ఇండ్ల గోడలమీదను, ట్రంకుపెట్టెల అడుగునను ఉన్న పాత పటములు, మన శుభకార్యములను గురించి మనకు గల తెలివిడి, ఇరుగుపొరుగువారు మనయందు ఉంచిన నమ్మకము, ఈ మూడును మొదటి పెట్టుబడి. వీనివలన వచ్చిన డబ్బుతో కెమెరా కొనవలెనే గాని, కెమెరాకై చేసిన అప్పు తీర్చుటకు పని వెదకుకొనరాదు.

ఇది కేవలము బ్రతుకుదెరువు ముచ్చట యైనచో సంపాదకీయమున వ్రాయ బనిలేదు. మన కుటుంబముల జ్ఞాపకము కూడ దీనితో ముడిపడి యున్నది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల సేద్యగాండ్రు, కోవిల్‌పట్టి నల్లరేగడి భూముల రైతులు, షోలాపురమున మగ్గము నేసిన పద్మశాలీలు, బళ్ళారి, కోలారు, బరంపురము, పర్లాకిమిడి పట్టణములలో తరతరములుగా కాపురమున్నవారు మన పాఠకులు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడును, 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును సరిహద్దు గీతలు మారినవి. మన ఇండ్లు మారలేదు. యానాము 1954లో ఫ్రెంచివారి పాలననుండి వెలువడి, పుదుచ్చేరితోనే నిలిచినది. ఇట్లు నిలిచిపోయిన సామాన్య కుటుంబముల చరిత్రను పెద్ద గ్రంథములలో వెదకిన దొరకదు. చాలమంది విషయమున అది ఒక్క నలుపు తెలుపు పటములోనే యున్నది. కుర్చీలో తాతగారు, కుర్చీ వీపుపై చేయి వేసి నిలుచున్న నాయనమ్మ, వెనుక రంగులద్దిన తెర, పటము వెనుక తెలుగు లిపిలో రెండు పేర్లు, ఒక సంవత్సరము.

ఆ ముఖములను చూచి పేర్లు చెప్పగలవారు నేడు ఎనుబదియేండ్ల వృద్ధులు. పటము వెనుకటి వ్రాతను చదువగల మనుమలు నానాటికి తగ్గుచున్నారు. తమిళనాడున 2006లో వచ్చిన శాసనము పాఠశాలలలో తమిళమును తప్పనిసరి భాషగా చేసిన పిదప అక్కడి మన పిల్లలకు తెలుగు లిపి మరింత దూరమైనది. తక్కిన రాష్ట్రములందును ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగు చదువలేని బిడ్డలు అనేకులు కలరు. పేరు చెప్పువారు కన్నుమూసిన దినమున గోడమీది పటము చెక్కుచెదరక నిలుచును. కాని అది మన తాతగారి పటముగా నుండదు; ఎవరో ఒక పెద్దమనిషి పటమగును. ఈ నష్టమును కొంతవరకైనను ఆపగలవాడు ఇంటింటికి పోయి వచ్చు చనువుగల చిన్న ఫొటోగ్రాఫరే. అతని బ్రతుకుతెరువును, మన అక్కరయు ఒకేచోట కలియుచున్నవి.

ఈ వృత్తి చరిత్రయు ఇదియే బోధించుచున్నది. ఛాయాచిత్ర విద్య 1839లో పారిస్ నగరమున లోకమునకు వెల్లడియైనది. 1854లో బొంబాయిలోను, 1856లో మద్రాసులోను ఛాయాచిత్ర సంఘములు వెలసినవి. మన తెలుగుదేశమున ఈ వృత్తికి గౌరవము తెచ్చిన వారిలో లాలా దీన్ దయాళ్ ముఖ్యుడు. 1844లో ఉత్తరదేశమున జన్మించిన ఆయన ఇందోరులో మరామతు శాఖ ఉద్యోగిగా నుండి, ఉద్యోగము చేయుచునే ఈ విద్యను అభ్యసించెను. చేతికి పని నిండిన తరువాతనే ఉద్యోగమును విడిచెను. పిదప సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యెను. 1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, దాని నిర్వహణమును ఒక యూరోపియను మహిళకు అప్పగించెను. ఘోషాలోని స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరని ఆయన యెరుగును. యంత్రము ఎంత గొప్పదైనను, కుటుంబమునకు నమ్మకము కుదరనిచో పటము రాదని ఆయన గ్రహించెను. మన కోడండ్రకును, కుమార్తెలకును ఈ వృత్తిలో నేటికిని అనుకూలమైన చోటు ఇదియే. బాలింతను, పసిబిడ్డను, సీమంతపు పేరంటమును తీయుటకు ఇంటి ఆడుబిడ్డకు ఉన్న చొరవ పరాయివానికి లేదు.

పూర్వము ఇంటివద్ద ఈ పని చేయవలెనన్న చీకటిగది, ఎర్రదీపము, రసాయనిక ద్రవములు కావలసియుండెను. ఫిల్ముకై విదేశములపై ఆధారపడరాదని 1960లో ఉదకమండలమున ప్రభుత్వమువారు స్థాపించిన ఫిల్ము కర్మాగారము కూడ నేడు మూతబడినది. చీకటిగది పోయినది, దానితో ఖర్చును తగ్గినది. కాని అదే కారణమున ప్రతివాని జేబులోను ఒక కెమెరా చేరినది. “ప్రతివాడును తీయగలిగిన దానికి డబ్బు ఎవరిత్తురు?” అను సందేహము న్యాయమైనదే. దానికి మా జవాబిది. పటము తీయుట నేడు అమ్ముడుపోవు సరకు కాదు. పాతదానిని చెడకుండ కాపాడుట, తగిన క్షణమును తప్పక పట్టుట, చేతికి కాగితపు ప్రతి నిచ్చుట, పదియేండ్ల తరువాత అడిగినను వెదకి యీయగలుగుట, వీనికి మాత్రమే జనులు డబ్బు నిత్తురు. ఇంటిలో వేలకొలది ఫొటోలు ఫోనులో నుండియు, చనిపోయిన తండ్రికి పటము కట్టించుటకు ఒక్కటియు అనువైనది దొరకక బంధువులు తడబడుట మనలో పెక్కురు చూచినదే.

కావున మొదటి పని పాత పటములకు ప్రతులు తీయుట. దీనికి ఒక చిన్న స్కానరు చాలును. నాలుగంగుళములు, ఆరంగుళముల పటమును అంగుళమునకు 600 చుక్కల వంతున స్కాను చేసినచో 86 లక్షలకు పైబడిన చుక్కలతో ప్రతి సిద్ధమగును. దానిని గోడకు కట్టునంతగా పెంచవచ్చును. మూలప్రతిని ‘టిఫ్’ రూపమున భద్రపరచి, మరమ్మతును వేరొక ప్రతిపై చేయవలెను. పాత పటమును అంచులు పట్టియే ఎత్తవలెను. మరక తుడువబోయి నీరు తగిలింపరాదు. అద్దమునకు అంటుకొనిపోయిన పటమును ఎన్నడును ఊడబెరుకరాదు. అద్దముతోనే యుంచి, ఇరుప్రక్కల రెండు దీపములు ఏటవాలుగా నమర్చి, వెలుగు తిరిగి కంటపడకుండ చూచుకొని కెమెరాతో తీయవలెను. చిరిగినచోట అతుకువేయుట నేడు కంప్యూటరుకు సులభమే. కాని తాతగారి ముఖమును యంత్రము తన యిష్టానుసారము నున్నగా దిద్దినచో అది మరియొకరి ముఖమగును. మచ్చను తీయవచ్చును, ముఖకవళికను మార్చరాదు. రంగు పూయుమని అడిగినవారికి పూసి యిచ్చినను, పూయని ప్రతిని కూడ తప్పక యీయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పేర్ల పట్టిక. పటము తెచ్చిన పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎడమనుండి కుడికి ఎవరెవరో, ఏ యూరివారో, ఏ సందర్భమో అడిగి వ్రాసికొనవలెను. తెలుగులోను, ఆ రాష్ట్రభాషలోను రెండు లిపులలో వ్రాసినచో మనుమలకును అక్కరకు వచ్చును. తెలియని పేరును ఊహించి వ్రాయుటకంటె ఖాళీ విడుచుట మేలు. పటము వెనుక వ్రాయవలసివచ్చినచో మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయవలెను. బాలుపెన్ను నొక్కుడు ముందువైపునకు తేలును. పటములను మాత్రమే స్కాను చేసి యిచ్చువారు పట్టణములలో అనేకులున్నారు. అవ్వతో ఆమె భాషలో మాటలాడి పేర్లు రాబట్టగలవారు అరుదు. ఆ పనికి మన పిల్లలు వెల కట్టవచ్చును, కట్టవలెను.

రెండవ పని ఇంటిలోనే ముఖచిత్రములు తీయుట. దీనికి ప్రత్యేకమైన గది లేకున్నను, ఒక మంచి కిటికీ యుండవలెను. విదేశీయ గ్రంథములు ఉత్తరపు కిటికీయే శ్రేష్ఠమని చెప్పును. వారి దేశములలో ఉత్తరమునుండి ఎండ పడదు. మన ప్రాంతములు కర్కటరేఖకు దక్షిణముగా నున్నవి. వేసవిలో కొన్ని వారములపాటు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు పోవును. హోసూరువంటి దక్షిణపు పట్టణములలో ఆ కాలము ఇంకను దీర్ఘము. కావున మన కిటికీకి సంవత్సరమంతయు ఒకే నియమము చెల్లదు. ఎండ నేరుగా పడిన దినములలో పలుచని తెల్లపంచెను తెరగా కట్టినచో వెలుగు మెత్తబడును. ముఖమునకు రెండవ ప్రక్క నీడ ముదురుగా నున్నచో ఒక థర్మోకోలు పలకను నిలిపి వెలుగును మరలింపవచ్చును. ఈ రెంటికి కలిపి అగు ఖర్చు మిక్కిలి స్వల్పము. ఇట్టి వెలుతురున మంచి ఫోనుతోనైనను ఆరు నెలలు అభ్యసింపవచ్చును. కన్ను కుదిరిన పిదప కొనవలసివచ్చినను, నమ్మకమైన చోట వాడిన కెమెరాను, దాని షట్టరు ఎన్నిమార్లు పనిచేసినదో విచారించి కొనుట మంచిది. ఒక్క దినపు పనికి కావలసిన ఖరీదైన లెన్సును పెద్ద పట్టణములలో అద్దెకు తెచ్చుకొనవచ్చును.

దరఖాస్తులకు కావలసిన చిన్న ఫొటోలును ఉపేక్షింపదగినవి కావు. 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల పొడవుగల పటములు నాలుగంగుళములు, ఆరంగుళముల కాగితముపై ఎనిమిది అమరును. లాభము స్వల్పమే యైనను, వీధిలోని పదిండ్లవారు మన గుమ్మము త్రొక్కుటకు అది కారణమగును. అయితే ఏ దరఖాస్తునకు ఏ కొలత, ఏ రంగు వెనుకతెర కావలెనో ఆ ప్రకటనను చదివియే తీయవలెను. కొలత తప్పిన ఫొటో మూలమున ఒక విద్యార్థి దరఖాస్తు తిరిగివచ్చినచో ఆ వీధిలో మన పేరు తిరిగిరాదు.

మూడవ పని శుభకార్యములు. ఇక్కడ మన తెలివిడికి నిజమైన విలువ కలదు. తమిళుల వివాహమున ముహూర్తమనగా మాంగల్యధారణము. మన తెలుగువారిలో పెక్కుమందికి సుముహూర్తమనగా జీలకర్రబెల్లము. వధూవరులు ఒకరి తలపై ఒకరు చేయి ఉంచిన నిమిషమున అడ్డుతెర తొలగును; మొదటి చూపు కలియును; అది క్షణములో గడచిపోవును. పొరుగువాడైన ఫొటోగ్రాఫరు తన పనిలో ఎంత నేర్పరియైనను, తాళి కట్టుటకై వేచియుండి దీనిని జారవిడుచుట కలదు. అది అతని లోపము కాదు. అతనికి మనము చెప్పని లోపము. తలంబ్రాలు, స్థాలీపాకము, అరుంధతీ దర్శనము, అప్పగింతలు ఏ వరుసలో వచ్చునో, ఎప్పుడు ఎక్కడ నిలువవలెనో చిన్ననాటినుండి చూచినవానికి వేరుగా నేర్పనక్కరలేదు. కులమునకును, ఊరికిని ఆచారము మారుచుండును గనుక, ముందుదినమే పురోహితునితోను, ఇంటి పెద్దలతోను మాటలాడి వరుస వ్రాసికొనుట మంచిది.

అట్లని మొదటి యేడే పెండ్లి ఒప్పుకొనుట సాహసము. పెండ్లి మరల జరుగదు. కార్డు చెడినను, దీపము పోయినను, జ్వరము వచ్చినను చెప్పు సాకు ఏదియు నిలువదు. నామకరణము, అన్నప్రాశనము, అక్షరాభ్యాసము, సీమంతము, షష్టిపూర్తి వంటి చిన్న వేడుకలతో మొదలిడి, పెండ్లిండ్లలో అనుభవశాలియైన ఫొటోగ్రాఫరునకు సహాయకుడుగా కనీసము పది పనులు చేయవలెను. ఆ అనుభవశాలి తమిళుడైనను, కన్నడిగుడైనను, ఒడియా వాడైనను, మరాఠీ వాడైనను గురువే. ఆయనకు మన ఆచారము చెప్పుదము. ఆయన మనకు విద్య చెప్పును.

ఇక లెక్కలు. ఈ వృత్తిలో పలువురు చితికిపోవుట పని రాకపోవుటవలన గాదు. వచ్చిన పనికి వెల కట్టనేరకపోవుటవలన. ఒక ఉదాహరణము చూతము. నామకరణమునకు 5,000 రూపాయలు ఒప్పుకొంటిమనుకొనుడు. రాకపోకలకు 400, ఫొటోల అచ్చుకును, ఆల్బమునకును 1,500, కెమెరా అరుగుదలకు 300, వెరసి ఖర్చు 2,200 రూపాయలు. మిగిలినది 2,800. వేడుకలో నాలుగు గంటలు, పిదప ఏరుటకును దిద్దుటకును ఆరు గంటలు, మొత్తము పది గంటల పని. అనగా గంటకు 280 రూపాయలు. బంధువులని మొగమాటపడి ఇదే పనిని 2,000 రూపాయలకు ఒప్పుకొన్నచో పది గంటలు శ్రమించి, చేతినుండి మరి 200 రూపాయలు పోగొట్టుకొందుము. అరుగుదలను మరచుట అందరును చేయు పొరపాటు. 60,000 రూపాయల కెమెరా నాలుగేండ్లు పనిచేయుననుకొన్నచో నెలకు 1,250 రూపాయలు ప్రక్కన పెట్టనిదే ఐదవయేట మరల అప్పు తప్పదు. బంధువులకు కానుకగా చేయదలచినచో ఉచితముగా చేయుడు. సగము వెలకు మాత్రము చేయకుడు. ఉచితమును కృతజ్ఞతతో తలతురు. సగము వెలను మీ వెలగానే చెప్పుకొందురు.

ఆదాయము సంవత్సరమంతయు సమముగా రాదు. ఆషాఢము, పుష్యము, అధికమాసము, మౌఢ్యదినములు వచ్చినచో శుభకార్యములు నిలిచిపోవును. ఆ నెలలలో ఇల్లు గడచుటకు పాత పటముల పనియు, దరఖాస్తు ఫొటోలును, చిన్న దుకాణదారుల సరకుల ఫొటోలును తోడ్పడును. అయినను మొదటి రెండేండ్లు చేతిలోనున్న ఉద్యోగమును విడువరాదు. ఆరునెలల ఇంటిఖర్చు నిలువ లేనివాడు కెమెరాకై ఇల్లు గాని, నగ గాని తాకట్టు పెట్టుట మేము సమ్మతింపము. తప్పనిసరియైనచో 2015లో ప్రారంభమైన ముద్రా పథకమున ‘శిశు’ తరగతి క్రింద 50,000 రూపాయలవరకు తాకట్టు లేకుండ బ్యాంకులు ఋణమిచ్చుట కలదు. వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కుటకు ముందు బ్యాంకు గుమ్మము త్రొక్కుడు.

చట్టపు విషయములును కొన్ని తెలిసియుండవలెను. చిన్న పరిశ్రమగా ‘ఉద్యమ్’ నమోదు 2020 జూలైనుండి అమలులో నున్నది. అది పూర్తిగా ఉచితము. దానికై రుసుము అడుగువారిని నమ్మవలదు. సేవలద్వారా వచ్చు రాబడి ఏడాదికి 20 లక్షల రూపాయలు మించనంతవరకు సాధారణముగా వస్తుసేవల పన్ను నమోదు అక్కరలేదు. పురపాలక సంఘపు అనుమతి నియమములు ఊరూరికి మారును గనుక స్థానికముగా విచారింపవలెను. అద్దె ఇల్లయినచో యజమానితో ముందుగా చెప్పుట మర్యాదయు, క్షేమమును. 1957 నాటి కాపీహక్కు చట్టము ప్రకారము ఒకరు డబ్బిచ్చి తీయించుకొన్న ఫొటోపై, వేరు ఒడంబడిక లేనిచో, మొదటి హక్కు తీయించుకొన్నవారిదే. కావున ఒకరి పెండ్లి ఫొటోను, ఒకరి బిడ్డ ఫొటోను మన ప్రకటనకు వాడుకొనవలెనన్న వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. వెల ఎంత, ముందుగా ఎంత, ఫొటోలు ఎన్ని, ఎన్ని దినములలో ఇత్తుము అను నాలుగు విషయములను ఒక్క కాగితముపై వ్రాసి ఇరువురును సంతకము చేసినచో, పిదప బంధుత్వములు చెడవు.

నమ్మకమును నిలుపుకొను నియమములు మరి రెండు. ఫొటోలు ఎల్లప్పుడు మూడు ప్రతులుగా నుండవలెను. రెండు వేరువేరు సాధనములలో నుండవలెను. ఒకటి ఇంటికి వెలుపల నుండవలెను. ఈ మూడును సిద్ధముగాక ముందు మెమరీకార్డును తుడిచివేయరాదు. పసిబిడ్డల విషయమున వింతభంగిమలకై ఆశపడరాదు. బిడ్డ తల్లిచేతి అందుబాటులోనే యుండవలెను; బిడ్డ ఏడ్చినచో పని ఆగవలెను. గిరాకి ఒకటి పోయిన మరియొకటి వచ్చును.

“మనవారి కొరకే పని చేసినచో ఎన్నాళ్లు గడచును?” అని కొందరు అడుగవచ్చును. మనవారితో మొదలిడుమంటిమి గాని మనవారితోనే నిలిచిపొమ్మనలేదు. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, అంగడిలో మరియొక భాష మాటలాడుట మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. వెలల పట్టికను రాష్ట్రభాషలో ముందును, తెలుగులో పిదపను వ్రాసి గుమ్మమున కట్టుడు. పొరుగువారి తాతగారి పటమునకును పేర్లు అడిగి వ్రాయుడు. జ్ఞాపకము పోవు భయము మనకొక్కరికే లేదు.

సంఘము చేయదగిన పనియు ఒకటి యున్నది. ప్రతి శాఖయు నెలకొక ఆదివారము తన హాలును తెరచి, ఒక బల్లను, ఒక స్కానరును అమర్చవలెను. పెద్దలు తమ పటములు తెచ్చుకొందురు. ఈ విద్య నేర్చు యువతీయువకులు తగిన రుసుము పుచ్చుకొని ప్రతులు తీయుదురు. పేర్ల పట్టిక ఒకటి ఆ ఇంటికిని, ఇంటివారు సమ్మతించినచో ఒకటి సంఘ గ్రంథాలయమునకును చేరును. రుసుము ఈయలేనివారి వంతు సంఘమే భరింపవచ్చును. దీనికి భవన నిర్మాణమంత నిధి అక్కరలేదు; ఒక్క ఉగాది ఉత్సవపు పందిరి ఖర్చులో కొంత తగ్గించుకొనిన చాలును.

కాని శాఖలు నిర్ణయించువరకు వేచియుండ పనిలేదు. ఈ వృత్తియందు ఆసక్తిగల యువకుడు, యువతి నేటి సాయంకాలమే ఇంటిలోని అవ్వ ప్రక్కన కూర్చుండి, గోడమీది పటమును దింపి, దుమ్ము తుడిచి, “వీరెవరు?” అని అడుగవలెను. ఆమె చెప్పిన పేర్లను వ్రాసికొని, ఆ పటమునకు ఒక మంచి ప్రతి తీసి ఆమె చేతికి ఇయ్యవలెను. దానికి వెల పుచ్చుకొనకుడు. ఆ ప్రతిని ఆమె వీధిలో నలుగురికి చూపును. అయిదవవారు తమ పటముతో మీ గుమ్మమునకు వత్తురు. ఆనాటినుండి మీ లెక్కల పుస్తకమును తెరువవచ్చును.